‘బాగున్న’ అనుడే నా జబ్బు

ఆ రోజు పొద్దున కోరుట్లలో మా వాకిట్లో కూర్చొని బీడీలు చేస్తున్నాను. దగ్గు వచ్చింది. బీడీలు చేసేవాళ్లకు దగ్గు కొత్తేమీ కాదు. కానీ చేతిలోని ఆకు మీద ఎర్రటి చుక్క పడింది. పక్కింటి నర్సవ్వ చూడకముందే ఆ ఆకును చాట కిందికి తోసేశాను.

"ఏందే, గట్ల దగ్గుతున్నవ్?" అన్నది నర్సవ్వ.

"తంబాకు ఘాటవ్వా. బాగనే ఉన్న."

ఈ మాట నాకెలా పట్టుకుందో ముందు చెప్పాలి. లేకపోతే నా తెలివితక్కువతనం మీకు అర్థం కాదు.

మాది వీర్నపల్లి దగ్గర లంబాడి తండా. ఏడేళ్ల వయసులో నన్నూ, పక్కింటి రుక్కినీ చర్చి వాళ్ల హాస్టల్లో వేశారు. చాంది అనే నా పేరు అక్కడ శాంతి అయింది. మా భాష మాట్లాడితే మోకాళ్ల మీద నిలబెట్టేవారు. చదువు చెప్పారు, అబద్ధమెందుకు? ఈ నాలుగు ముక్కలు రాస్తున్నది ఆ చదువుతోనే. రోజూ పొద్దున లైన్లో నిలబెట్టి పెద్ద సిస్టర్ "ఎవరికైనా బాగాలేదా?" అని అడిగేది. చెయ్యెత్తిన పిల్లను వెనక గదిలో వేసి గొళ్లెం పెట్టేవారు. అందుకే అందరం ఒకే గొంతుతో "బాగున్నాం సిస్టర్" అనేవాళ్లం.

ఒక పొద్దున రుక్కి దగ్గుతూ చెయ్యెత్తింది. నాలుగో రోజుకు నా పక్కనుండే ఆమె చాప చుట్టేసి ఉంది. ఇంటికి పోయిందన్నారు. సెలవులకు నేను తండాకు పోతే అక్కడా రుక్కి లేదు. వాళ్ల యాడి, అంటే తల్లి, నా రెండు భుజాలు పట్టుకొని "నా బిడ్డ ఎట్లున్నదే?" అని అడిగింది.

"బాగున్నది" అన్నాను. పిల్ల చనిపోయిందని హాస్టల్ నుంచి కబురు వచ్చింది ఆ తర్వాతే.

మళ్లీ నా జబ్బుకు వస్తాను. రెండు నెలల్లో జాకెట్లన్నీ వదులయ్యాయి. సాయంత్రమైతే జ్వరం. సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసే మా ఆయన వారానికోసారి వస్తాడు. ఈసారి గడపలోనే ఆగిపోయాడు. "గింత బక్కగైనవేందే? పా, దవాఖానకు పోదాం."

జగిత్యాల దవాఖానలో లేడీ డాక్టరు దగ్గు ఎప్పటి నుంచి అని అడిగితే "మొన్నటి నుంచే మేడం" అన్నాను. మా ఆయన నోరు తెరిచి నన్నే చూశాడు. ఎక్స్‌రే తీశారు, తెమడ టెస్ట్ చేశారు. పాజిటివ్ వచ్చింది.

"టీబీ. పాత మచ్చ గూడ ఉన్నది. చిన్నప్పుడు టీబీ ఉన్నోళ్ల పక్కన ఉన్నవా?"

రుక్కి చాప గుర్తొచ్చింది. తెలంగాణ ఉద్యమం వల్ల బడులు బందై, గురుకులం నుంచి వచ్చిన నా బిడ్డ స్వప్న వారం నుంచి నా పక్కనే పడుకుంటోంది.

రోజు విడిచి రోజు ఆశా వర్కర్ ముందే గోలీలు మింగాలి. మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడొద్దని ముందే చెప్పారు. మూడో వారం నుంచి వాంతులు మొదలయ్యాయి. అన్నం వాసన పడేది కాదు. "ఏమన్న తక్లీఫ్ ఉన్నదా శాంతీ?" అని ఆశా అడిగిన ప్రతిసారీ "లేదక్కా, బాగున్న" అన్నాను. నా నోరు పడిపోను! చెకప్‌కు పొమ్మంటే సమ్మెలో బస్సులు లేవన్నాను. బస్సుల్లేనిది నిజమే. కానీ పోకుండా తప్పినందుకు లోపల సంతోషపడ్డది కూడా నిజమే.

చివరికి నర్సవ్వే కనిపెట్టింది. "ఓ పిల్లా, నీ కండ్లు పసుపు పచ్చగున్నయేందే!"

ఆటోలో బయల్దేరాం. దారిలో రోడ్డు మీద ఉద్యమం వాళ్ల వంటావార్పు, పొయ్యిల మీద పెద్ద పెద్ద గుండిగలు. మా ఆయన దిగి దండం పెట్టాడు. "పేషెంట్ ఉన్నది, జరుగుండ్రి" అని వాళ్లే ఒకరికొకరు అరుచుకుంటూ ఆటోకు దారిచ్చారు.

"గోలీలు పడక లివర్ దెబ్బతిన్నది, కామెర్లొచ్చినయ్, బిలిరుబిన్ మస్తు పెరిగింది" అన్నది డాక్టరు. "వాంతులు ఎన్ని రోజుల సంది? అబద్ధం చెప్తే నేను నిన్ను బతికియ్యలేనమ్మా."

ఏడేళ్ల పిల్లకు ఎంత భయమో అంత భయం. "వార్డుల ఏసి గొళ్లెం పెడతరా మేడం?" అని అడిగాను.

ఆమె నవ్వలేదు. నా చెయ్యి పట్టుకొని పోయి వార్డు చూపించింది. "చూడు, గీ వార్డుకు తలుపే లేదు."

అప్పుడు చెప్పాను. పద్దెనిమిది రోజుల నుంచని. దగ్గయితే నాలుగు నెలల నుంచని. చెప్తూ ఏడ్చాను.

మందులు ఆపారు. లివర్ కుదురుకున్నాక ఒక్కొక్క గోలీ కలుపుకుంటూ మళ్లీ మొదలుపెట్టారు. స్వప్నకూ ఎక్స్‌రే తీయించారు. "ఎట్లున్నవ్ బిడ్డా?" అని డాక్టరు అడిగితే అది చేతులు కట్టుకొని నిటారుగా నిలబడి "బాగున్న మేడం" అన్నది. ఎక్స్‌రే క్లీన్. నా ప్రాణం లేచి వచ్చింది.

ఇంటికి పోయాక, నిజంగానే బాగున్నావా అని అడిగాను.

"చెవు నొస్తున్నదే అమ్మా, నెల రోజుల సంది. ఎవ్వరడిగినా బాగున్న అనాలని నువ్వే చెప్పినవ్ గదా."

టీబీని నా బిడ్డకు అంటించలేదు. దీన్ని మాత్రం అంటించాను.

ఇప్పుడు నాకు టీబీ లేదు. తెలంగాణ కూడా వచ్చింది. బీడీల పని మానేసి బట్టలు కుడుతున్నాను. మీకు చెప్పేది ఒక్కటే. డాక్టరు అడిగినప్పుడు మర్యాదకు కూడా బాగున్నానని అనకండి. ఎక్కడ నొస్తుందో, ఎప్పటి నుంచో, మొదటి రోజుతో సహా చెప్పండి.

పోయిన నెల తండాకు పోయి రుక్కి వాళ్ల యాడి ముందు కూర్చున్నాను. ఆ పొద్దున రుక్కి చెయ్యెత్తడం, గొళ్లెం, నేనాడిన అబద్ధం, అన్నీ చెప్పాను. ముసలామె నా భుజం మీద చెయ్యి వేసింది.

"మరి నువ్వెట్లున్నవ్ చాందీ?"

"మెట్లెక్కితే ఆయాసమొస్తది యాడీ" అన్నాను.