చిల్లుపడిన తిత్తి

నేను ఒకచోట కుదురుగా ఉండే మనిషిని కాను. ఆ డిసెంబరులో మరీ కాలుగాలిన పిల్లినయ్యాను. హిందూపురంలో ఉద్యోగం. శనివారం మధ్యాహ్నం రైలెక్కి పెనుకొండ వెళ్లేదాన్ని, మా చర్చిలో క్రిస్మస్ పాటల సాధనకు. హార్మోనియం వాయించేది మా నాయన.

రైల్లో కూర్చుని ఫోన్‌లో ఆస్ట్రియా క్రిస్మస్ పాటలు వినేదాన్ని. వందల ఏళ్లుగా ఆ మంచుకొండల గొర్రెలకాపరులకు తమవే అయిన పాటలున్నాయట. పిల్లలు కర్రకు నక్షత్రం కట్టుకుని ఇంటింటికీ పాడుతూ తిరుగుతారు. చర్చి గోపురమెక్కి బాకాలు ఊదుతారు. మేము ఏటా పాడే బాలయేసు జోలపాట కూడా అక్కడే పుట్టిందని అప్పుడే తెలిసింది. వాళ్లు దాన్ని ఎంత మెల్లగా పాడతారో విని నాకు తల కొట్టేసినట్టయింది. మేము తబలా పెట్టి చెక్కభజనలా ఉరికిస్తాం.

ఆ శనివారం నోరు ఆగలేదు. అందరి ముందే అనేశాను.

"ఇది జోలపాట నాయనా. నువ్విట్ల ఉరికిస్తే పండుకున్న బిడ్డ లేసి కూచుంటాడు."

అందరూ నవ్వారు, నాయన తప్ప. ఆయన పాటను మెల్లగా ఎత్తుకున్నాడు. చరణం సగంలోనే హార్మోనియం స్వరం నీరసించి ఆగిపోయింది. పెట్టె మూసి లేచాడు.

"ఈసారి నువ్వే వాయించుకోమ్మా. నాకు చేతకాదు."

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి క్రిస్మస్ నాడు ఆ పెట్టె ముందు ఇంకొకరు కూర్చోలేదు.

ఆయన వెళ్లిపోయాక, మాతో పాడే ఒక అవ్వ నాకేసి చూసింది. "పెట్టెకు గాలికొట్టే తిత్తికి చిల్లు పడి ఎన్నేండ్లాయెనో. గాలి నిలవదని మీ నాయనే పాటను ఉరికించినాడు. కొత్త పెట్టె అడగనీకి ఆయప్పకు మొగమాటం."

నా మీద నాకే ఒళ్లు మండింది. సోమవారం సెలవు పెట్టి పెట్టెను ధర్మవరం మోసుకుపోయాను. బాగుచేసే ఆయన రెండు వారాలు పడుతుందన్నాడు. పండగకు అన్ని రోజులు లేవు. అలాగే వెనక్కి తెచ్చాను. ఎంత బతిమాలినా నాయన పెట్టె ముందు కూర్చోనన్నాడు.

చిన్నప్పుడు నాయన నేర్పిన కాస్తనే నమ్ముకుని క్రిస్మస్ ఉదయం నేనే కూర్చున్నాను. కుడిచేయి హార్మోనియం మెట్ల మీద, ఎడమచేయి తిత్తి మీద. రెండూ కలిసి రావడం లేదు. గాలి చాలక పాట తడబడింది. లేచి పారిపోదామనిపించింది. అంతలో మగవాళ్ల వైపు నుంచి నాయన వచ్చి, పెట్టెకు అవతల కూర్చుని, నా చేయి తీసేసి తిత్తి పట్టుకున్నాడు.

"నువ్వు మెట్లు చూసుకో. గాలి నేను చూసుకుంటా."

"మెల్లగానా నాయనా, జోరుగానా?"

"బిడ్డ లేస్తాడనే కదా నీ భయం. లేవనీ, ఎత్తుకుందాం."

ఏడుస్తూనే పాటను ఉరికించాను.