దేవదూత దిగే వేళకి మా అత్త మాయం

మా చిన్నప్పుడు... క్రిస్మస్ ముందు రోజు పొద్దుగూకగానే, తోటపల్లి గూడూరు దగ్గర మా ఊళ్ళో చర్చి గోడ మీద సినిమా వేసేవాళ్ళు. దానికోసమే ఆ గోడకి కొత్తగా సున్నం కొట్టేవాళ్ళు.

ఏటా అదే సినిమా. పండగ చేసుకోలేని పేదింటికి ఆకాశం నుంచి దేవదూత దిగివచ్చే కథ. అంతా ఇంగ్లీషే... ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా చాపలు చంకన పెట్టుకుని ముందే పోయి చోటు పట్టుకునేవాళ్ళం.

విచిత్రం ఏమిటంటే, దేవదూత నోరు తెరిస్తే మాత్రం తెలుగు కీర్తన వినపడేది! అదీ మా సువార్తమ్మత్త గొంతుతో...

నాకు అనుమానం పట్టుకుంది. మా నాన్న చెల్లెలు సువార్తమ్మత్త అప్పటిదాకా నా పక్కనే కూర్చునేది. దేవదూత దిగే వేళకి మాయం. పాటయ్యాక చెమట తుడుచుకుంటూ వచ్చేది. ఒక ఏడాది కొంగు పట్టుకుని నిలదీశాను.

"అత్తా, నువ్వు దేవదూతవా?"

"ముందు ఆ ముక్కు తుడుచుకో మే" అంది.

అసలు సంగతి పెద్దయ్యాక తెలిసింది. ఇంగ్లీషు పాటైతే జనం లేచిపోతారని పాస్టరయ్యగారి భయం. అందుకని పాట రాగానే సినిమా సౌండ్ ఆపేసి, చర్చి లోపల మైకు ముందు అత్త చేత పాడించేవారు.

ఇప్పుడు ఆ సినిమానే మళ్ళీ తీశారట. నిండా గాస్పెల్ పాటలేనట, అక్కడి చర్చిల్లో చప్పట్లు కొడుతూ పాడేవి... మా అమ్మాయి టీవీలో పెడతానంటే నాకు మనసొప్పలేదు. అత్త గొంతు బొంగురుపోయి, పాడటం మానేసి చాలా ఏళ్ళయింది. అప్పట్లో రికార్డు చేసిన వాళ్ళు లేరు. ఆ పాట మిగిలింది నా చెవుల్లోనే... ఈ కొత్త హంగామా దాన్ని కూడా తుడిచిపెట్టేస్తుందేమోనని భయం. అయినా అమ్మాయి అత్తని కూడా పిలిచి కూర్చోబెట్టి, సినిమా పెట్టేసింది. నేను చేతులు కట్టుకుని, తప్పులు వెతుకుతూ కూర్చున్నాను. చప్పట్లు ఎక్కువయ్యాయి, కేకలు ఎక్కువయ్యాయి...

దేవదూత దిగుతుండగా, నా పక్కనున్న అత్త అలవాటుగా కుర్చీలోంచి లేవబోయింది.

"యాడికత్తా?" అన్నాను.

సిగ్గుపడి కూర్చుంది. కళ్ళు పెద్దవి చేసుకుని టీవీకేసి చూసింది.

"ఈ యమ్మకి రెక్కలుంటాయా మే? నేనెప్పుడూ చూసిందే లేదే..."

ఏటా లోపల గోడవైపు తిరిగి పాడిన మనిషి... ఆ సీను ఒక్కసారీ చూడలేదు! మాకెవరికీ ఆ ఆలోచనే రాలేదు.

కొత్త పాటల మీద నాకింకా నమ్మకం కుదరలేదు. కానీ అత్త "ఇంకోసారి పెట్టు" అంటే నేనే రిమోట్ తీసుకున్నాను. ఈసారి సౌండ్ ఆపేశాను. అత్త పెదవులు కదులుతున్నాయి...

ఇప్పుడు ఇంటికో టీవీ, చేతికో ఫోను, ఎవరి సినిమా వాళ్ళదే. మీ ఊళ్ళో కూడా బొమ్మకి గొంతిచ్చిన మనిషి ఉంటే ఇక్కడ చెప్పండి... చెప్పేముందు, ఆ మనిషి బొమ్మ చూసిందో లేదో ఒకసారి అడగండి.