ఏటి వికారం

నా పెళ్లయిన మరుసటి యేడు, యుద్ధం ఇంకా నడుస్తుండగా, అచ్చంపేట దగ్గర కృష్ణలో ఒక పడవ మునిగింది. అందులో ఆయిల్ ఇంజను ఉంది. దాన్ని పైకి లాగాలంటే ఎవరో ఒకరు అడుగుకు దిగి మోకులు కట్టాలి. మా ఆయన బావుల్లో పడిన బిందెలూ బొక్కెనలూ మునిగి తీసేవాడు. ఈ పనికీ ఆయన్నే పిలిచారు.

మొదటిరోజు ఇంటికొచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాడు. ముఖం పాలిపోయి ఉంది. తిన్నదంతా ఒడ్డునే కక్కేశానని, ఎందుకో తెలియదని అన్నాడు. మర్నాడూ అంతే. మా అత్త నేను కట్టిచ్చిన సద్దిగిన్నె తీసుకుని వాసన చూసింది. ఆ సాయంత్రం నా ట్రంకుపెట్టె తెరిచి, చీరల మడతలు విప్పి వెతుకుతుంటే నేను గుమ్మంలో నిలబడి చూశాను.

మొగుణ్ణి చెప్పుచేతల్లో పెట్టుకోవడానికి కొందరు కూటిలో మందు కలుపుతారని అప్పట్లో గట్టిగా నమ్మేవారు. పక్కింటి పిన్ని నేను కనపడగానే మాట ఆపేయడం మొదలుపెట్టింది. చివరికి నా చేతి వంట మీద నాకే అనుమానం పట్టుకుంది. పప్పులో వేసే చింతపండును కూడా వెలుతురులో తిప్పి తిప్పి చూసుకునేదాన్ని.

ఒకరోజు అత్త తనే వండి, తనే మూట కట్టి, నన్నూ రమ్మని ఏటికి బయలుదేరింది. ఆయన ఆమె వండిన అన్నమే తిన్నాడు. అందరం పడవెక్కాం. పడవకు కట్టిన తాడు పట్టుకుని ఆయన నీళ్లలోకి దిగాడు. పైకి వస్తూనే పడవ అంచు మీదికి వాలి కక్కుకున్నాడు.

"నీళ్లల్లో నీకేమవుద్దిరా?" అని అత్త అడిగింది.

"కింద కళ్లు తెరిచినా ఏం కనపడదమ్మా, అంతా బురద. నీటి వడికి తాడుతో పాటు నేనూ ఊగుతా. ఏది పైనో ఏది కిందో తెలవదు. కడుపులో తిప్పుద్ది. బావిలో నీళ్లు కదలవు గదా."

"మరి చెప్పవేందిరా?"

"ఈతగాడికి నీళ్లల్లో కళ్లు తిరిగినయ్యంటే నవ్వరా?"

పడవ ఊపుకి అత్తకూ వికారంగానే ఉన్నట్టుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నా వైపు చూడలేదు.

ఆ తర్వాత ఆయన పరగడుపునే దిగేవాడు. కొన్నాళ్లకు ఇంజను బయటపడింది. వంట మళ్లీ నా చేతికొచ్చింది. కానీ ఆయనకు వడ్డించబోయే ముందు అత్త ఒక ముద్ద నోట్లో వేసుకుని కాసేపు ఆగేది. ఉప్పు చూస్తున్నానని చెప్పేది. నాకు పిల్లలు పుట్టాక కూడా ఆ అలవాటు మానలేదు.