మావయ్యగారి మణికట్టు తాడు

నా చిన్నప్పుడు, పదకొండేళ్ళకే నేను బేరంలో మా నాన్నను మించిపోయానని మా కొట్టుకు వచ్చేవాళ్ళంతా మెచ్చుకునేవారు. రాజోలు దగ్గర మాది కిరాణా కొట్టు. నేను గల్లాపెట్టె పక్కన కూర్చుని పెద్దవాళ్ళను మాటలతో కట్టేసేదాన్ని. లాభం కోసం కూడా కాదు, ఎదుటివాళ్ళ చేత 'సరే' అనిపించడంలో ఉన్న రుచి కోసం. అంత తెలివైనదాన్నని నాకు గట్టి నమ్మకం ఉండేది.

గోదావరి మధ్య లంక ఊరికి మా సరుకు మా సొంత పడవలో వెళ్ళేది. దాని వెనక తగిలించే ఇంజనును నడిపే ఆయన మాకు చుట్టం కాకపోయినా మేమంతా మావయ్యగారూ అనే పిలిచేవాళ్ళం. ఆయన పద్ధతి ఏ రోజూ మారేది కాదు. ముందు కూర్చునేవారు. గేరు కర్రను మధ్యకు తెచ్చేవారు, అక్కడుంటే నీళ్ళలోని రెక్కలు తిరగవు. ఒక ఎర్ర తాడును మణికట్టుకు తగిలించుకుని, దాని రెండో కొసనున్న క్లిప్పును, ఇంజనును ఆపే గుండీ లోపలికి పోకుండా, దాని వెనక దూర్చేవారు. ఆ తరవాతే స్టార్టు చేసేవారు. మనిషి పట్టు తప్పితే తాడు క్లిప్పును లాగేస్తుంది, గుండీ లోపలికి పోయి ఇంజను ఆగిపోతుంది.

ఆ రోజు వరద తీసిన కొత్త. నీళ్ళ మీద గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా కొట్టుకొస్తోంది. మావయ్యగారు దాన్ని గెడతో నెట్టడానికి లేచినప్పుడల్లా తాడు లాగేసేది, ఇంజను ఆగేది, పడవ వెనక్కి కొట్టుకుపోయేది. పడవలో పంచదార బస్తాలతో పాటు నేనూ ఉన్నాను. పైన మబ్బు కమ్ముతోంది.

"మీ ఇంజనుకి మీ మీద బెంగండీ మావయ్యగారూ! మీరు లేస్తే చాలు, ఊపిరి ఆపేస్తోంది," అన్నాను.

"ఆయ్. ఆపనియ్యమ్మడూ. అది ఆగాలనే కట్టుకున్నాను."

"పంచదార తడిస్తే మా నాన్న ఊరుకుంటాడాండీ? ఈ డెక్క దాటేదాకా ఆ తాడు తీసెయ్యండి. అంతే కదా!"

ఆయన మూడుసార్లు వద్దన్నారు. నాలుగోసారి మబ్బు వైపు చూసి, బస్తాల వైపు చూసి, "డెక్క దాటేదాకానే," అన్నారు. ఒప్పుకోవడం ఆయన తప్పేనని మీరు అనొచ్చు. కానీ అడిగింది యజమాని కూతురు.

క్లిప్పు నేనే తీశాను. గుండీ లోపలికి పోకుండా, పొట్లాలు కట్టే పురికొసను దాని మెడకు నాలుగు చుట్లు చుట్టి ముడేశాను. కొట్లో పెరిగిన పిల్ల వేసిన ముడి, ఊడేది కాదు.

ఆయన లేచి, ఒక చేత్తో ఇంజను పిడి పట్టుకుని, రెండో చేత్తో డెక్కను నెట్టారు. పడవ అడుగు ఇసుక మేటకు రాసుకుని ఒక్క కుదుపు కుదిపింది. ఆయన నీళ్ళలో పడ్డారు. ఇంజను ఆగలేదు. పిడి దానంతట అదే పక్కకు తిరిగిపోయి, పడవ గుండ్రంగా తిరుగుతూ మళ్ళీ ఆయన మీదికే వచ్చింది.

నేను ముడి మీద పడ్డాను. గోళ్ళతో లాగాను. రాలేదు. "గేరు! గేరు మధ్యకి లాగమ్మా!" అని ఆయన అరవడం వినిపించింది. ఆ కర్ర కళ్ళ ముందే ఉంది గాని నా చేతులు ముడినే పట్టుకున్నాయి. చివరికి పళ్ళతో కొరికాను. ఇంజను ఆగింది. అప్పటికే పడవ ఆయన మీదుగా వెళ్ళిపోయింది.

ఆయన పడవ అంచు పట్టుకుని తేలారు. చుట్టూ నీళ్ళు ఎర్రబడ్డాయి. వలలు వేసేవాళ్ళ నావ మా వైపు వస్తోంది. వాళ్ళు చేరేలోపల ఆయన నాతో అన్న మాట ఒక్కటే. "అమ్మడూ, ఆ పురికొస ముక్క నీళ్ళల్లో పడెయ్యి."

అమలాపురం ఆసుపత్రిలో కుడికాలు మోకాలి కింద తీసేశారు. "తాడు కట్టుకోడం మర్చిపోయేనండీ, నా అజాగ్రత్తేనండీ," అని ఆయన మా నాన్నతో చెప్పారు. నేను మంచం పక్కనే నిలబడి ఉన్నాను.

మూడు నెలల తరవాత చంక కర్రతో మా పెరట్లోకి వచ్చారు. ఇంజనును నీళ్ళ తొట్టెకు బిగించి, నా మణికట్టుకు ఎర్ర తాడు తగిలించారు. గేరు మధ్యకు తెమ్మన్నారు. తనే స్టార్టు చేసి, "ఇప్పుడు లే," అన్నారు. లేచాను. ఇంజను ఆగింది. "మళ్ళీ," అన్నారు. ఆ సాయంత్రం అలా ఎన్నిసార్లు లేచానో లెక్కలేదు. ఏడుస్తూనే లేచాను. ఆయన ఒక్క మాట కూడా తిట్టలేదు.

ఇప్పటికీ పడవ ఎక్కితే నడిపేవాడి మణికట్టు చూస్తాను. తాడు లేకపోతే దిగిపోతాను. ముసలామె చాదస్తమని కుర్రాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

మా నాన్న ఆయన్ను అజాగ్రత్త మనిషనే అనుకుంటూ పోయారు. మావయ్యగారూ పోయారు. ఆయన పిల్లలు కూడా, తండ్రి తన నిర్లక్ష్యం వల్లే కాలు పోగొట్టుకున్నారని నమ్ముతున్నారు. వాళ్ళకు నిజం చెప్పాలని రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళాను. రెండుసార్లూ వాళ్ళ దొడ్లో కొబ్బరికాయలు బేరమాడి తిరిగొచ్చాను.