ఏడవకపోతే చెప్పులు సరిపోయినట్టేనా?

ఈ రోజు మార్కాపురంలో మా నాలుగేళ్ళ పాపకు చెప్పులు కొనబోయి, కొట్లాడి వచ్చినాను. కడుపులో ఉన్నప్పుడే దాని పాదాల స్పర్శ తెలిపే నరాలు వెన్నుపాములోకి సరిగా పెరగలేదు. నడుస్తుంది గానీ, పాదాలకు నొప్పి తెలీదు. ముందే చెప్పినా వినకుండా దుకాణమాయన చిన్న సైజు బలవంతంగా తొడిగినాడు.

“ఏడవట్లేదు కదక్కా, సరిపోయినాయిలే.”

విప్పి చూస్తే మడమ దగ్గర తోలు లేచి రక్తం కారుతోంది. ఆయనేమో “నొప్పి తెలీకపోవడం కూడా అదృష్టమేలే అక్కా” అని నవ్వినాడు.

“ఏందన్నా అదృష్టం? ముల్లు గుచ్చుకున్నా, నిప్పు తొక్కినా దానికి తెలీదు. రోజూ ఆ పాదాలు తిప్పి తిప్పి చూసుకునేది నేను!” అని అరిచినాను. చెప్పులు అక్కడే పడేసి, పాపను ఎత్తుకొని వచ్చేసినాను.

నాకు నోరెక్కువంట, మా అత్త అంటోంది. మీరైతే మెత్తగా మాట్లాడి వచ్చేవాళ్ళా? చెప్పండి.