చేతి కింది కాగితం

మా అక్కను వీధిలో అందరూ కత్తెరక్క అంటారు. ఆడవాళ్లకు జుట్టు కత్తిరించే దుకాణం ఆమెది. ఇప్పుడు ఆ పిలుపు వింటే చెల్లెలిగా నాకు ఒళ్లు మండుతుంది. అక్క కత్తెర పట్టక ఏడాది దాటింది.

దుకాణం మెట్ల మీద జారిపడి కుడిచెయ్యి నలిగిపోయింది. ఆసుపత్రిలో ఎముకలు సరిచేసి పంపాక, చేతిని మళ్లీ పనికి అలవాటు చేస్తాడని ఎవరో చెబితే ఒకడి దగ్గరికి వెళ్లాం. బయట ‘ఆక్యుపేషనల్ థెరపీ’ అని బారెడు బోర్డు. ఆ మహానుభావుడు వేళ్లన్నీ చాపి, బల్లపరుపుగా కట్టు బిగించాడు. నెలల తరబడి విప్పనివ్వలేదు. అడిగితే, "నొప్పి ఉందంటే నయమవుతున్నట్టేనమ్మా" అన్నాడు. విప్పేసరికి వేళ్లు అలాగే కొయ్యబారిపోయాయి.

తర్వాత చూసిన పెద్దాసుపత్రి థెరపిస్టు తల పట్టుకుంది. "వేళ్లను మొదళ్ల దగ్గర వంచి కట్టాలండీ. ఆయన ఈ చదువు చదివినట్టు లేదు."

అలాంటివాళ్లను ఆపడానికే ప్రభుత్వం కొత్త నిబంధనలు తెస్తోందట. ప్రజాభిప్రాయ సేకరణ అంటే ఇద్దరం వెళ్లాం. ముసాయిదాలో చదువు, పరీక్ష, నమోదు అన్నీ బాగానే ఉన్నాయి. చివర్లో ఒక తోక తగిలించారు: పదేళ్లుగా ఈ పనిలో ఉన్నవాళ్లకు చదువూ పరీక్షా అక్కర్లేదు, నేరుగా గుర్తింపు ఇచ్చేస్తారు. ముందు వరుసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు, అక్కకు కట్టు కట్టిన మనవాడు.

"అనుభవాన్ని గౌరవించాలి కదండీ," అన్నాడు మైకు అందుకుని. వేదిక మీద అధ్యక్షుడు తల ఊపాడు. ప్రజల వంతు వచ్చేసరికి మాత్రం గడియారం చూసుకున్నాడు.

"మీ అభిప్రాయం రాసి పెట్టెలో వేయండమ్మా."

"రాసే చెయ్యే పోయింది సార్," అంది అక్క. లేచి వెళ్లి, ఆ చెయ్యి మనవాడి ముందు చాపింది. "అనుభవం అంటున్నారు కదా. ఒక్క వేలు వంచి చూపించండి."

గుర్తుపట్టాడు. ముఖం మాడిపోయింది. అయినా సిగ్గులేకుండా వేలు పట్టుకుని నొక్కబోయాడు. వెనక వరుసలోంచి పెద్దాసుపత్రి థెరపిస్టు లేచి, "అలా నొక్కకండి, కీలు దెబ్బతింటుంది" అంది. వాడు వేలు వదిలేశాడు.

"బాధాకరమేనమ్మా. పరిశీలిస్తాం," అంటూ అధ్యక్షుడు కాగితాలు సర్దుకోసాగాడు. పరిశీలిస్తారట. అప్పుడు నా నోటికి వచ్చినవి ఇక్కడ రాయలేను. అక్క మాత్రం ఒక్క మాట తూలలేదు. వేదిక ఎక్కి, ఆ తోక ఉన్న కాగితం మీద అరచెయ్యి ఆనించింది. ఫ్యాను గాలికి పక్క కాగితాలు లేస్తున్నాయి, అది మాత్రం కదల్లేదు.

"చెయ్యి తీయండమ్మా, టైమైపోయింది."

"ఇప్పుడిది ఈ పనికే పనికొస్తుంది సార్. ఆ మాట కొట్టేయండి, తీస్తాను."

ఆయన మనవాడి వైపు చూశాడు. మనవాడు తలుపు వైపు చూశాడు. జనం వెళ్లిపోతున్నారు, వెనక ఎవరో లైట్లు ఆర్పుతున్నారు. నేను ముందు వరుసలోంచి ఒక కుర్చీ మోసుకెళ్లి అక్కకు వేశాను.