పదో పిల్ల లేకపోతే బస్సు రాదు

మా అక్క కూతురికి ఎంసెట్ ర్యాంకు వచ్చినప్పుడు ఊళ్ళో ఒక్కరూ ఆ పిల్లను ఏం చదువుతావని అడగలేదు. బస్సెక్కుతావు కదా అని మాత్రం అందరూ అడిగారు.

మాది నరసన్నపేట అవతల, సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరు. హైవే దిగి సరుగుడు తోటల మధ్య చాలా దూరం లోపలికి పోవాలి. పొద్దు వాలితే ఆ దారిలో ఆటో దొరకదు. అందుకని మా పిల్లలు ఏ కాలేజీలో చేరాలన్నది వాళ్ళ ర్యాంకు తేల్చదు, ఊళ్ళోకి వచ్చే పసుపు బస్సు తేలుస్తుంది. ఆ బస్సు ఏ కాలేజీదైతే అదే మంచి కాలేజీ, అందులో ఏ బ్రాంచి ఉంటే అదే మంచి బ్రాంచి. ఆ వేసవిలో కాలేజీ మనిషొకడు వచ్చి, పదిమంది పిల్లలుంటేనే ఈ ఏడు బస్సు లోపలికి తిప్పుతామని చెప్పి వెళ్ళాడు. లెక్క చూస్తే మా పిల్లతో కలిపి సరిగ్గా పదిమంది అయ్యారు.

మా పిల్లకేమో మెకానికల్ కావాలి. ఆ కాలేజీలో అన్నీ కంప్యూటర్ బ్రాంచీలే. మెకానికల్ చదవాలంటే విజయనగరం వెళ్ళి హాస్టల్లో ఉండాలి.

నేను నరసన్నపేటలో లెక్కల టీచర్ని. ఇంజనీరింగ్ ఎందుకు చేరారో తెలియకుండానే చేరి, ఎందుకు మానేశారో చెప్పలేని పిల్లల్ని బోలెడంతమందిని చూశాను. అందుకే దీన్ని కూర్చోబెట్టి గట్టిగానే అడిగాను. బావ వేట నుంచి వచ్చాక బోటు ఇంజన్ని భుజం మీద ఇంటికి మోసుకొస్తాడు. దాన్ని పెరట్లో విప్పి, ప్లగ్గు తుడిచి, మళ్ళీ బిగించడం ఈ పిల్ల హైస్కూల్లో ఉన్నప్పట్నుంచీ చేస్తోంది. అది సరదానా, నిజంగా ఇష్టమా అన్నాను.

"పిన్నీ, ఇంజను ఎందుకాగిపోతాదో నాకు సగమే తెల్సు. నానకీ సగమే తెల్సు. మిగతా సగం ఎవులో ఒకలు సదవాల కదా," అంది.

ఇంతకన్నా మంచి జవాబు నేను ఏ పిల్ల దగ్గరా వినలేదు. ఆ సీటు దీనికి ఇప్పించి తీరాలని అప్పుడే అనుకున్నాను.

సంగతి తెలిసి ఊరంతా అక్క మీద పడింది. అక్కతో కలిసి రోజూ ఒకే ఆటోలో చేపల తట్టలు వేసుకుని పేటకు వచ్చే పక్కింటావిడ, నా ఎదురుగానే అడిగేసింది.

"నీ గుంటకి ఇంజన్లు కావాలనీసి మా గుంటలు ఇంట్లో కూకోవాలేటి? బస్సు రాకపోతే నా కూతుర్ని నేను సదివించను. ముందే సెప్తన్నాను."

నాకు కోపం వచ్చింది. కానీ ఆవిడ మాట తప్పని అనలేకపోయాను, అందుకే ఆ కోపం ఇంకా పెరిగింది. మా పిల్ల తన దారి తను చూసుకుంటే తొమ్మిదిమందికి దారి లేకుండా పోతుంది. ఆ పిల్ల కూడా అదే పట్టుకుని, "పోనీ పిన్నీ, కంప్యూటర్లే సదివేస్తాను," అని మొదలుపెట్టింది. నోరు మూసుకుని స్కూటర్ ఎక్కమన్నాను.

మా ఊరికీ హైవేకీ మధ్య వరి పండించే రైతుల ఊరొకటి ఉంది. అక్కడి పిల్లలు ముగ్గురు అదే కాలేజీలో చేరబోతున్నారని, బస్సు కోసం హైవే దాకా నడిచి వెళ్ళాలనుకుంటున్నారని మా బడిలో విన్నాను. వాళ్ళనూ మా ఊరి లెక్కలో కలిపేస్తే బస్సు వాళ్ళ వీధిలోంచే వెళ్తుంది. ఇంత మంచి మాట చెబితే ఎవరైనా కాదంటారా అనుకుంటూ వెళ్ళాను. అరుగు మీద కూర్చున్న పెద్దాయన, ఆ ముగ్గురిలో ఒక పిల్ల తాత, ముక్కు గోక్కున్నాడు.

"బస్సు ముందు మీ ఊరెళ్ళి వస్తాదా అమ్మా? మరి వాసనేస్తాదేమో."

"తినేటప్పుడు లేని వాసన బస్సులో వస్తాదేటి బాబూ?" అన్నాను.

లోపలి నుంచి ఆయన కోడలు పకపకా నవ్వింది. ఆ తర్వాత పని తేలిగ్గానే అయిపోయింది. తన కూతురు రోజూ హైవే దాకా నడవక్కర్లేదని ఆవిడే మామగారికి సర్ది చెప్పింది.

ఇక కాలేజీ మనిషి మిగిలాడు. యాజమాన్యాన్ని అడిగి చెబుతాను మేడమ్ అన్నాడు. బడికి వెళ్ళే ముందు ఒకసారి, బడి వదిలాక ఒకసారి ఫోన్ చేస్తూ పోయాను. నచ్చని కాలేజీకి ఇలా ఊళ్ళు తిరిగి పిల్లల్ని పోగేయడం నాకే నవ్వొచ్చింది. చివరికి, బస్సు రెండు ఊళ్ళకూ వస్తుంది, ఇక ఫోన్ చెయ్యకండి అన్నాడు. పక్కింటావిడకు కబురు పంపాను. సరే అంది.

కాలేజీల ఆప్షన్లు పెట్టడానికి ఆఖరి రోజు. నరసన్నపేట నెట్ సెంటర్లో మా పిల్ల విజయనగరం కాలేజీని, మెకానికల్‌ను మొదట పెట్టింది. ఇక ఖాయం చేసే బటన్ నొక్కడమే మిగిలింది. అమ్మ సరేనంటే తప్ప నొక్కనని భీష్మించుకుంది. బావనడిగితే మీ అక్క ఇష్టం అనేశాడు. మధ్యాహ్నం చేపలమ్మకం అయ్యాక ఖాళీ తట్టతో అక్క వచ్చింది. తెర వైపు చూసి, తట్ట కింద పెట్టి తల తిప్పుకుంది.

నాకు ఒళ్ళు మండింది. "బస్సొస్తాది కదే. ఎవులికీ నష్టం లేదు కదే. ఇంకేటి నీ బాధ?"

"బస్సు గొడవ ఎవులిక్కావాలే," అంది అక్క. గొంతు పెంచలేదు. "మీ బావ బోటెక్కితే తిరిగొచ్చేదాకా నాకు ముద్ద దిగదు. పెళ్ళయినకాడ్నుంచీ అదే బతుకు. ఈ బస్సులో ఎల్తే గుంట సాయంత్రానికి ఇంటికొస్తాది, ఈ ఒక్కదాని కోసమైనా ఎదురుసూడక్కర్లేదనుకున్నాను. ఇప్పుడు దీనికీ ఎదురుసూడాల."

ఇన్నాళ్ళూ ఊరికీ బస్సుకీ జవాబులు వెతికాను. అక్క సంగతి తలుచుకోనేలేదు.

పిల్ల మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది. "అయితే వద్దంటావా అమ్మా?"

"వద్దనీసి నేనెప్పుడన్నానే? ఎదురుసూస్తానన్నాను," అంది అక్క, తట్ట చంకన పెట్టుకుంటూ. "నొక్కు. నాకు ఆటో ఎలిపోతాది."